చింతపల్లి రేవు నుంచి బాహుదా మొగ దాకా

మొదటి రోజు: చింతపల్లి నుంచి మత్స్యలేశం

మాఘమాసంలో మా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఈశాన్య గాలుల జోరు అప్పటికి తగ్గిపోతుంది, నైరుతి గాలి ఇంకా అందుకోదు. తీరం వెంబడి నీటి ఒరవడి కూడా ఆ రోజులకి ఉత్తరానికి తిరుగుతుంది. కార్తీకంలో పడవని దక్షిణానికి లాక్కుపోయిన నీరే ఇప్పుడు ఒడిశా వైపు తోస్తుంది. విజయనగరం జిల్లా చింతపల్లిలో పడవెక్కి, శ్రీకాకుళం తీరమంతా చూసుకుంటూ, డొంకూరు దగ్గర రాష్ట్రం పొలిమేర దాటి ఒడిశాలోని సోనాపూర్‌లో దిగాలని మేం అనుకున్నప్పుడు పడవ నడిపే తండేలు తాత ఈ నెల ఖాయం చెయ్యడానికి కారణం అదే.

పడవలో నలుగురం. తాత, ఆయన మనవడు, నేను, మా మావయ్య. ఫైబరు బోటు తాతదే. దాని పక్కటంచు మీద ఐ.ఎన్.డి.-ఏ.పీ. అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆధార్ కార్డులు, బోటు కాగితాలు, లైఫ్ జాకెట్లు, మంచినీళ్ళ డబ్బాలు, రెండు పూటలకి సరిపడా చద్దన్నం. ఎక్కడెక్కడ ఆగుతామో మెరైన్ పోలీసులకి ముందు రోజే చెప్పాం. మావయ్య సరుకు ఓడల మీద కలాసీగా చేసి రిటైరైన మనిషి. కాగితం లేకుండా ఆయన నీళ్ళలో కాలు పెట్టడు.

చింతపల్లి లైట్‌హౌస్ వెనక్కి జరిగేసరికి బాగా తెల్లారింది. ఈ దీపం పెట్టింది రేవు కోసం కాదు, రాళ్ళ కోసం. తీరానికి దూరంగా నీళ్ళలో దాగి ఉన్న రాతిగుట్టల్ని తప్పించుకోమని ఓడలకి చెప్పడానికి. తాత ఆ గుట్టల్ని చూడకుండానే చుట్టు తిప్పాడు. ఒడ్డున ఒక తాటితోపునీ దాని వెనక కొండనీ ఒక వరసలో పెట్టుకుని, ఆ వరస చెదరగానే చుక్కాని తిప్పుతాడు. తీరం కనిపించినంత మేర ఆయనకి వేరే యంత్రం అక్కర్లేదు. తీరం కనిపించని చోట సంగతే వేరు. నన్ను ఈ ప్రయాణానికి కదిలించింది ఆ చోటే.

2018 నవంబర్‌లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి బోట్ల మీద వేటకి వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. 2020 జనవరిలో వాళ్ళలో ఇరవై మంది వాఘా దగ్గర నడిచి సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. 2025 అక్టోబర్‌లో ఇటు బంగాళాఖాతంలోనే విజయనగరం జిల్లా మత్స్యకారులు తొమ్మిది మందిని బంగ్లాదేశ్ వాళ్ళు పట్టుకున్నారు. పొట్టకూటికి పక్క దేశపు నీళ్ళలోకి వెళ్ళిపోయిన మనుషుల గురించి చదివిన ప్రతిసారీ నాకొకటే అనుమానం వచ్చేది. ఒక పడవ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సక్రమంగా వెళ్ళాలంటే ఏం చెయ్యాలి? ఆ పనుల్లో మనవాళ్ళ చేతిలో ఉన్నదెంత?

మావయ్యని అడిగాను. ఇంజిను చప్పుడు మించేలా గొంతు పెంచి వరసగా చెప్పుకొచ్చాడు.

"ఓడైనా ఒకటే, షికారుకెళ్ళే సొంత పడవైనా ఒకటే అల్లుడూ. బయల్దేరిన రేవులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర క్లియరెన్స్ కాగితం తీసుకోవాలి. ఇమిగ్రేషన్ వాళ్ళు పాస్‌పోర్టు మీద ముద్రెయ్యాలి. పడవలో ఎవరెవరున్నారో జాబితా ఉండాలి. అవతలి దేశం నీళ్ళలోకి వెళ్ళగానే పసుపు జెండా కట్టాలి. నా పడవలో రోగాల్లేవు, పరీక్ష చేసుకుని లోపలికి రానివ్వండి అని దానర్థం. ఆ దేశం చెప్పిన రేవులోనే ఆగాలి, నచ్చిన ఒడ్డున దిగితే కుదరదు. పనంతా అయ్యేదాకా కెప్టెన్ తప్ప ఎవరూ నేల మీద కాలు పెట్టకూడదు. అన్నీ అయ్యాక పసుపు జెండా దించి, మర్యాదకి ఆ దేశం జెండా కడతారు."

తాత అంతా విన్నాడు. "మరి వల కోసం ఎల్లినోడికి ఏ జెండా బాబూ?" అన్నాడు.

ఆ ప్రశ్నకి మావయ్య దగ్గర జవాబు లేదు. వేట బోటు ఏ రేవుకీ పోదు. నీటి మధ్యలో ఆగి, నీటి మధ్య నుంచే వెనక్కి వస్తుంది. సరిహద్దు దాటే విధానాలన్నీ రేవు నుంచి రేవుకి పోయేవాళ్ళ కోసం రాసుకున్నవి.

మధ్యాహ్నం దాటాక ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం చేరాం. ఒడ్డుకి చేరడమే ఈ తీరంలో పెద్ద పని. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది, విజయనగరానికి 28. ఇంత తీరంలో కెరటాల తాకిడి లేకుండా బోటు కట్టుకునే చోటు దొరకడమే కష్టం. తాత ఇంజిను తగ్గించి, వెనక్కి చూస్తూ కెరటాలు లెక్కపెట్టాడు. పెద్దవి పోయాక వచ్చే చిన్న కెరటం వీపు మీద పడవని ఒక్క ఊపున ఇసకలోకి ఎక్కించాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎవరూ పిలవకుండానే పరుగెత్తుకొచ్చి చెయ్యి వేశారు. పెద్ద బోటుకి ఇక్కడ నిలవనీడ లేదు. నీడ ఉన్న రేవులు వెరావల్‌లో, చెన్నైలో, పారాదీప్‌లో ఉన్నాయి. కుర్రాళ్ళు అక్కడికి పోవడానికి మొదటి కారణం ఆ ఇసక ఒడ్డు మీదే నాకు కనిపించింది.

రాత్రి తాతకి చుట్టాలైన వాళ్ళింట్లో పడుకున్నాం. కవ్వళ్ళ పులుసు, వేడన్నం. వెరావల్‌లో చాలా ఏళ్ళు చేసొచ్చిన ఒకాయన అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. వానాకాలం వేట నిషేధం ముగియగానే ఆగస్టులో బయల్దేరి వెళ్తారట. బోటు యజమాని సేఠు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు. బోటుకి ఏడెనిమిది మంది. ఒకసారి వెళ్తే రోజుల తరబడి నీళ్ళ మీదే. నీళ్ళు, ఐసు, డీజిలు అయిపోయేదాకా వెనక్కి రారు.

"సరిహద్దు గీత ఎక్కడుందో తెలీదా అన్నా?" అని అడిగాను.

"తండేలు కాడ జీపీయస్సు ఉంటాది. తెల్దని నానెందుకంతాను? కానీ రేత్రి వల ఏసినాక బోటు మనది కాదు బాబూ, నీటిది. వలతో పాటు అదీ కొట్టుకుపోద్ది. మనం నిదర్లో ఉంటాం. నెగిసేసరికి ఎదర ఆల బోటు ఉంటాది."

నిజానికి ఆ గీత భారత్, పాకిస్తాన్ రెండూ కూర్చుని ఒప్పుకుని గీసుకున్నది కాదు. గుజరాత్ కొసన సర్ క్రీక్ అనే పాయ ఎవరిదన్న తగవు తెగకపోవడంతో, అక్కడి నుంచి సముద్రంలోకి సాగాల్సిన సరిహద్దు కూడా తేలలేదు. బంగ్లాదేశ్‌తో అలా కాదు. 2014 జులైలో అంతర్జాతీయ మధ్యవర్తుల తీర్పుతో అటువైపు గీత ఖాయమైంది. తేలిన చోటా చిక్కుతున్నారు, తేలని చోటా చిక్కుతున్నారు.

ఇంకో సంగతి ఆ అరుగు మీద చెప్పాను, ఇక్కడా చెప్పాలి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నియమాలు తప్పిన వాళ్ళకి, ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష వెయ్యకూడదు. తగిన పూచీ తీసుకుని బోటునీ మనుషుల్నీ త్వరగా వదిలెయ్యాలి. భారత్ దీన్ని 1995లో ఆమోదించింది, పాకిస్తాన్ 1997లో, బంగ్లాదేశ్ 2001లో. ముగ్గురూ సంతకాలు చేసిన మాట ఇది. అయినా రెండు వైపులా జైళ్ళలో జాలరులు ఉంటూనే ఉన్నారు. మన జైళ్ళలో వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఊళ్ళలోనూ ఇలాంటి అరుగులే ఉంటాయి. తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపు నీళ్ళు నేలతో సమానం కాబట్టి అక్కడి లెక్క వేరు. కానీ పట్టుకున్నది ఏ నీళ్ళలోనన్నది పట్టుకున్నవాడే చెప్తాడు. పట్టుబడినవాడి మాట లెక్కలోకి రావడానికి ఏడాది పడుతుంది.

రెండో రోజు: కళింగపట్నం

బుడగట్లపాలెం దాటి, నాగావళి సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళ రంగు మారడం చూస్తూ, మధ్యాహ్నానికి కళింగపట్నం వచ్చేశాం. దారిలో చెప్పుకోవలసినంత జరగలేదు. గాలి బాగుంది, తాత మనవడు చుక్కాని పట్టాడు, తాత కునుకు తీశాడు.

కళింగపట్నంలో ఆగడం నా కోరిక. వంశధార సముద్రంలో కలిసే చోటు ఇది. నదికి ఎగువన, కాస్త దూరంలో శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. ఒకప్పుడు నావల మీద వచ్చిపోయే వాళ్ళకి అవి దూరం నుంచే కనిపించి ఉంటాయని నా ఊహ. తెల్లదొరల కాలంలో పొగ ఓడలు ఈ తీరానికి దూరంగా లంగరేసేవి. మనుషుల్నీ బస్తాల్నీ మసూలా పడవల్లో ఓడ దాకా చేర్చేవారు. ఆ పడవలకి మేకులుండవు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం విసిరి కొట్టినా పలక సాగుతుందే తప్ప పగలదు.

ఆ ఓడలు రంగం వెళ్ళేవి. రంగూన్‌ని మా ఊళ్ళలో రంగం అనే అంటారు. శ్రీకాకుళంలో ముసలివాళ్ళున్న ఏ ఇంట్లో అడిగినా ఎవరో ఒకరు రంగం వెళ్ళిన కథ ఉంటుంది. బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసే పనిలో తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పని విషయంలో తగువు రేగి, పెద్ద అల్లర్లయి, చాలామంది తెలుగువాళ్ళు చనిపోయారు.

మావయ్య వాళ్ళ తాత కూడా రంగం వెళ్ళొచ్చిన మనిషే. "పాస్‌పోర్టు ఉండేదా?" అని అడిగితే మావయ్య తల అడ్డంగా ఊపాడు. అప్పట్లో అదీ ఇంగ్లీషు వాళ్ళ ఇండియాలో భాగమే. కళింగపట్నంలో టిక్కెట్టు కొని ఓడెక్కడమే. 1937 ఏప్రిల్ 1న బర్మాని వేరు చేశారు. ఆ రోజు నుంచి రంగం పరాయి దేశం. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు ఓడలు దొరక్క, అరకాన్ కొండల దారిన నడిచి వచ్చిన వాళ్ళలో మా జిల్లాల వాళ్ళు ఎందరో. దారిలోనే పోయినవాళ్ళ లెక్క ఏ కుటుంబమూ పూర్తిగా చెప్పలేదు. సముద్రం మీదుగా కొద్ది రోజుల్లో వెళ్ళిన చోటు నుంచి నేల మీద నెలల తరబడి నడిచి రావలసి వచ్చింది.

సాయంత్రం మెరైన్ పోలీసు ఒకాయన వచ్చి కాగితాలు చూశాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఆపదొస్తే కోస్టుగార్డుకి 1554, తీర భద్రతకి 1093 అని తాత మనవడి ఫోన్లో తనే ఎక్కించాడు. ఇస్రో వాళ్ళ ఉపగ్రహాలతో పనిచేసే ట్రాన్స్‌పాండర్లని కేంద్రం లక్ష బోట్లకి ఇచ్చే పథకం 2024లో మొదలైంది. అది ఉంటే సరిహద్దు దగ్గరపడినప్పుడు బోటులోనే హెచ్చరిక వస్తుంది, సెల్లు సిగ్నల్ లేని చోట నుంచి కూడా ఒడ్డుకి చిన్న సందేశం పంపొచ్చు. ఈ పెట్టె ప్రతి బోటులో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కానీ పెట్టె బోటు యజమానిది. వలకూలికి వెళ్ళే కుర్రాడు అది పనిచేస్తోందో లేదో అడగగలగాలి. అడ్వాన్సు తీసుకున్నవాడు అడగడం అంత తేలిక కాదు.

మూడో రోజు: బారువ

చాలా దూరం ఉందని చీకట్లోనే బయల్దేరాం. భావనపాడు, కొత్త రేవు కడుతున్న మూలపేట, తర్వాత నువ్వలరేవు. ఈ నువ్వలరేవులో పెళ్ళిళ్ళన్నీ రెండు మూడేళ్ళకోసారి ఊరంతా ఒకే ముహూర్తానికి చేస్తారు, పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ ఊళ్ళోనే. మనవడికి పెళ్ళీడు వచ్చిందని తాత ఆ ఊరొచ్చినప్పుడు గుర్తు చేశాడు, మనవడు ఇంజిను చప్పుడు పెంచాడు.

పలాస తీరమంతా తిత్లీ దెబ్బ తిన్న నేల. 2018 అక్టోబర్ 11న తుఫాను ఇక్కడే ఒడ్డెక్కింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి వేళ్ళతో సహా లేచిపోయాయి. ఇప్పుడు కొత్త కొబ్బరి కాపుకొస్తోంది, నీటి మీద నుంచి చూస్తే ఎత్తుల తేడా తెలుస్తుంది. కొబ్బరి చెట్టు మళ్ళీ చేతికందడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఇల్లు గడవాలి కదా.

బారువలో మహేంద్రతనయ మొగ పక్కన దిగాం. ఒకప్పుడు నిప్పంటుకుని మునిగిన చిల్కా ఓడ ఈ ఊరికెదురుగా నీళ్ళ అడుగున ఉంది. తాత ఆ చోటు మీదుగా పోతూ ఇంజిను ఆపి, చేత్తో నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకున్నాడు. ఎందుకని నేనడగలేదు.

నాలుగో రోజు: డొంకూరు, బాహుదా, సోనాపూర్

కవిటి తీరం దాటాక ఇక మిగిలింది డొంకూరు. ఆంధ్రలో ఇటువైపు ఆఖరి పల్లెల్లో ఒకటి. ఒడిశా కొండల్లో పుట్టిన బాహుదా ఇచ్ఛాపురం మీదుగా వచ్చి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ ఏటేటా కదులుతుంది. ఇసక దిబ్బ ఒకసారి ఇటు పెరుగుతుంది, ఒకసారి అటు. తాత ఇంతకు ముందు వచ్చినప్పుడు ఉన్న దారి ఇప్పుడు లేదు. డొంకూరు వాళ్ళని కేకేసి అడిగి, పోటు వచ్చేదాకా బయటే ఆగి, నీళ్ళు నిండాక లోపలికి పోనిచ్చాడు.

అటు ఒడ్డు ఒడిశా. బోర్డు లేదు, జెండా లేదు. అటువైపు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి, "ఎక్కణ్ణించొచ్చినారు?" అని తెలుగులోనే అడిగాడు.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజు ఒడిశా ఏర్పడింది, గంజాంలో చాలా భాగం అటు పోయింది, ఇచ్ఛాపురం వైపు ఇటు మిగిలింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, అదే ఏప్రిల్ 1న, రంగం పరాయి దేశమైంది. ఒకే తీరం వాళ్ళకి ఏడాది తేడాలో రెండు గీతలు పడ్డాయి. ఇక్కడి గీత మీద ఇప్పటికీ పెళ్ళిళ్ళు అవుతున్నాయి, పడవలు కలిసి లాగుతున్నారు. గోపాల్‌పూర్‌లో, పూరీలో కూడా తెలుగు జాలరులు తరతరాలుగా బతుకుతున్నారు. రంగం వైపు గీత దాటాలంటే పాస్‌పోర్టు, వీసా కావాలి.

ఇక్కడా నియమాలు లేవని కాదు. తీరానికి 12 నాటికల్ మైళ్ళ దాకా చేపల వేట రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఒడిశాకి 1982 చట్టం, మనకి 1994 చట్టం. మన బోటు అటు నీళ్ళలో వల వెయ్యాలంటే వాళ్ళ అనుమతి కావాలి. ఇంకా పైకి, రుషికుల్య మొగ చుట్టుపక్కల నవంబర్ నుంచి మే ఆఖరు దాకా తాబేళ్ళ కోసం వేట బంద్. అందుకే తాత చింతపల్లి నుంచి వలే తేలేదు. తప్పితే జరిమానా పడుతుంది, బోటు ఆపుతారు. ఇరుపక్కల పెద్దలూ కూర్చుని మాట్లాడి విడిపిస్తారు. ఎవరి కొడుకూ ఏళ్ళ తరబడి జైల్లో ఉండడు. దేశాల మధ్య కూడా ఇంతమాత్రం కుదరకూడదా అన్నదే నా మాట. చట్టంలో రాసుకున్నది కూడా దాదాపు ఇదే.

సోనాపూర్‌లో తాతకి వరసకి చెల్లెలయ్యే ఆవిడ ఇంటికి వెళ్ళాం. కవిటి వైపు నుంచి ఇటు కోడలిగా వచ్చిన మనిషి. టేకు చేప ఇగురు పెట్టింది. కొడుకు ఇప్పుడు వెరావల్‌లో ఉన్నాడట.

"ఏ బోటు అమ్మా?" అన్నాడు మావయ్య.

"నాకేటి తెల్సు బాబూ. సేఠు బోటంట."

మావయ్య అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. పట్టుబడితే ఏమవుతుందో ఆవిడకి బెదిరించకుండా చెప్పాడు. 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జులై 1న ఒకరి దగ్గరున్న మరొకరి ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. జాబితాలో పేరొచ్చినా, ఆ మనిషి మనవాడేనని ఊరి నుంచి రుజువు వెళ్ళాలి. ఇంట్లో కాగితాలుంటే ఆ పని తొందరగా అవుతుంది. లేకపోతే అక్కడా ఆలస్యమే. ఓడల్లో కలాసీల పేర్ల జాబితా రేవులో ఒక ప్రతి, కంపెనీలో ఒక ప్రతి ఉంటుంది. ఈ కుర్రాళ్ళకి ఆ రెండో ప్రతి ఇంట్లో ఉండాలని ఆయన వాదన.

ఆవిడ అప్పుడే కొడుక్కి ఫోను చేసింది. అదృష్టం, బోటు రేవులోనే ఉంది. "ఒరే, నీ బోటు నంబరు సెప్పు. ఎందుకని అడక్కు, సెప్పు." వాడు చెప్తుంటే నేను రాశాను. బోటు నంబరు, సేఠు పేరు, ఫోను, తండేలు పేరు, తండేలు ఊరు. ట్రాన్స్‌పాండరు ఉందా అని మావయ్య అడిగించాడు. ఉందట, లైటు వెలుగుతోందో లేదో చూసి చెప్తానన్నాడు. వాడి ఆధార్ ప్రతి, ఆ కాగితం, కింద 1554 రాసిన చీటీ కలిపి ఆవిడ రేషన్ కార్డు కవర్లో పెట్టింది. తర్వాత పక్కింటి కోడల్ని పిలిచి, వాళ్ళాయనది కూడా రాసుకోమంది. ఆ పిల్ల తన ఫోను తెచ్చుకుని గడప మీద కూర్చుంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు.

నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలైతే మొగలో పడవ ఇరుక్కుంటుందని తాత తొందరపడ్డాడు. ఆయనా మనవడూ డొంకూరులో రాత్రి ఉండి మర్నాడు వెనక్కి వెళ్తారు. నేనూ మావయ్యా మిగతా పేర్లు రాయడం అయ్యేదాకా ఉండి, బరంపురం వెళ్ళి రాత్రి రైలెక్కాం.